సిరిమాను వానలో కొత్త రెయిన్‌సూట్: కుట్టుపని చేసేదాని మాట

ఐదుకి మూడు స్టార్లు ఇచ్చాను. ఆ మూడింట్లో ఒకటి కంపెనీకి కాదు, ఇస్త్రీపెట్టె పెట్టి ఇంట్లో నేను అంటించుకున్న టేపుకి. ఆ లెక్కన మీరు కొని కొన్నట్టే వేసుకుంటే రెండే అనుకోండి.

నేను శ్రీకాకుళంలో పద్నాలుగేళ్ళుగా జాకెట్లు, చుడీదార్లు, స్కూలు యూనిఫారాలు కుడుతున్నాను. ఏ బట్ట చేతికిచ్చినా ముందు తిరగేసి లోపలి వైపు చూస్తాను. పైన ఎంత సొగసుగా ఉన్నా కుట్టినవాళ్ళ బుద్ధి లోపలే తెలుస్తుంది. అందుకే ఈ రివ్యూలో రంగు గురించీ ఫొటోలో మోడల్ గురించీ ఏమీ ఉండదు. ఆన్‌లైన్‌లో 1,349 రూపాయలకి కొన్న కోటు, ప్యాంటు సెట్టు ఇది. పేరు రాయడం లేదు. ఒక్క సెట్టు చూసి కంపెనీ మొత్తాన్ని తిట్టడం నాకు ఇష్టం లేదు, పైగా ఆ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఇలాగే కుట్టి ఉంటున్నాయి.

ఇంతకీ ఎందుకు కొన్నానంటే, మా అత్తమ్మకి పైడితల్లమ్మ మొక్కు ఒకటి ఉండిపోయింది. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం విజయనగరంలో ఆ అమ్మవారి సిరిమానోత్సవం, అంటే పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పండగ. మొక్కూ తీరుతుంది, పిల్లకి దసరా సెలవుల్లో ఊరు చూపించినట్టూ ఉంటుంది, రెండు రోజులు ఉండి వద్దాం అనుకున్నాం. మొక్కు సంగతి అత్తమ్మ చూసుకుంటుంది, వాన సంగతి నాది. మన రెండు జిల్లాల వాళ్ళకి అక్టోబరు రెండో వారం అంటే ఎవరూ చెప్పక్కర్లేదు. తుపాన్లే చూడండి, 2013లో ఫైలిన్ అక్టోబరు 12, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12, 2018లో తిత్లీ అక్టోబరు 11. ఎవరో క్యాలెండర్ చూసి పెట్టినట్టు వచ్చాయి. తుపాను రాకపోయినా బంగాళాఖాతంలో ఏదో ఒక అల్పపీడనం ఉంటుంది. తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోవాలి, అందులో రెండో మాట లేదు. మామూలు వానకి మాత్రం ఇంట్లో కూర్చుంటే ఈ ప్రాంతంలో దసరా సెలవలన్నీ ఇంట్లోనే అయిపోతాయి.

నేను కోటు ఆర్డర్ పెడుతుంటే అత్తమ్మ నవ్వింది. "తడిస్తే కరిగిపోడానికి నువ్వేటి ఉప్పుబొమ్మవేటే?" అంది. ఆవిడ చిన్నప్పుడు ఊడ్పుల్లో తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకుని రోజంతా వంగి నాట్లేసిన మనిషి. గిడుగు అంటే రామ్మూర్తి పంతులు గారి ఇంటిపేరు ఒక్కటే తెలిసిన మా అమ్మాయికి ఆ ముక్క అర్థమవడానికి పది నిమిషాలు పట్టింది.

ప్యాకెట్ మీద "3000 ఎం.ఎం. వాటర్‌ప్రూఫ్" అని అచ్చేశారు. చాలామంది దాన్ని వర్షపాతం అనుకుంటారు, మా ఆయన కూడా అలాగే అనుకున్నాడు. అది వానలెక్క కాదు. బట్ట మీద గొట్టం నిలబెట్టి నీళ్ళు పోస్తూ పోతే ఎంత ఎత్తు నీటి బరువు దాకా ఆ బట్ట కారకుండా ఆగుతుందో ఆ ఎత్తు. 3000 మిల్లీమీటర్లంటే మూడు మీటర్ల నీళ్ళు. మంచిదే. కానీ ఆ పరీక్ష బట్ట ముక్కకి చేస్తారు, కుట్టిన కోటుకి కాదు. కోటుకి కుట్లుంటాయి, కుట్టుకి సూది కన్నాలుంటాయి. అంగుళానికి ఎనిమిది కుట్లు వేస్తే అంగుళానికి ఎనిమిది కన్నాలు, పైకుట్టు కూడా వేస్తే పదహారు. భుజం దగ్గర్నించి మణికట్టు దాకా లెక్కేసుకోండి, జల్లెడ తొడుక్కున్నట్టే. ఆ కన్నాల్ని మూయడానికి లోపలి వైపు వేడితో అంటించే టేపు వేస్తారు. రెయిన్‌కోటు బాగుందా లేదా అన్నది బట్టలో కన్నా ఈ టేపులోనే ఎక్కువ ఉంది.

కోటు వచ్చిన రోజు షాపు మూసేశాక బల్ల మీద పరిచి తిరగేశాను. బట్ట పాలిస్టర్, లోపల పలచటి పూత, చేతికి మెత్తగా తగిలింది. భుజాల కుట్టు మీద టేపు ఉంది, పక్క కుట్ల మీద ఉంది, టోపీ నడిమి కుట్టు మీద కూడా ఉంది, నీట్‌గా ఉంది. అక్కడిదాకా మెచ్చుకున్నాను. చంక దగ్గరికి వచ్చేసరికి టేపు తిరగలేక ముడతపడి ఒక మూల లేచిపోయి ఉంది. జేబు చుట్టూ అసలు లేదు. ప్యాంటు ఆసన్ దగ్గర, అంటే ముందూ వెనకా రెండు కాళ్ళ కుట్లూ వచ్చి కలిసే చోట, నాలుగు దిక్కుల నించి వచ్చిన టేపులు అర అంగుళం ఇవతలే ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే ఆ చోటు కష్టమే. నాలుగు మడతలు ఒక్కచోట పడితే గుబ్బలా లేస్తుంది, టేపు మెషిన్ రోలర్ దాని మీంచి సాఫీగా పోదు. దానికి విడిగా ఒక గుండ్రటి ముక్క వేసి ఒత్తాలి. ఆ ముక్క ఖర్చెంత? అర్ధరూపాయి ఉంటుందేమో. వేయలేదు.

కంటితో చూసింది చాలక పరీక్ష కూడా చేశాను. ఇది ఎవరైనా చేసుకోవచ్చు. ప్యాంటు కాలు అడుగున మోరీని, అంటే పాదం బయటికొచ్చే అంచుని, రబ్బరు బ్యాండుతో బిగించి కట్టి, పైనించి రెండు మూడు చెంబుల నీళ్ళు పోసి, బాత్రూంలో కొక్కేనికి తగిలించాను. బట్ట మీద చుక్క లేదు. పక్క కుట్టు దగ్గర కూడా ఏమీ లేదు. రెండో కాలులో కూడా పోసి ఆసన్ దాకా నీళ్ళు ఎక్కేలా పట్టుకునేసరికి, ఎర్రటి ఎండలో నుదుటి మీద చెమట పట్టినట్టు ఒక్కో సూది కన్నం దగ్గర ఒక్కో చుక్క మొలిచింది. వరసగా. మా అమ్మాయి చూసి "అమ్మా, కుట్లు ఎంత సమానంగా ఉన్నాయో" అంది. మెచ్చుకోవాలా ఏడవాలా తెలియలేదు.

వెనక్కి పంపేద్దామా అనుకున్నాను. పంపితే కొత్తది వచ్చేలోపు పండగ అయిపోతుంది. అందుకని సీమ్ టేపు రోల్ ఒకటి తెప్పించాను, 20 మిల్లీమీటర్ల వెడల్పుది, 260 రూపాయలు. జాకెట్టు మెడ గట్టిగా నిలవడానికి ఇస్త్రీతో పేస్టింగ్ బక్రం గుడ్డ అంటించడం వచ్చినవాళ్ళకి ఇది పెద్ద పని కాదు. ఇస్త్రీపెట్టె తక్కువ వేడిలో పెట్టాలి, ఆవిరి వాడకూడదు. టేపుని పూత ఉన్న లోపలి వైపు పరిచి, పైన పలచటి నూలు గుడ్డ వేసి, ఎనిమిది పది సెకన్లు కదపకుండా ఒత్తి పట్టుకోవాలి. పూర్తిగా చల్లారాక గానీ లాగి చూడకూడదు. ముందు ఎవరికీ కనపడని మూల ఒక చిన్న ముక్క అంటించి చూసుకోండి. ఒక జాగ్రత్త, ఇది పూత పూసిన పాలిస్టర్‌కి మాత్రమే. మందంగా, ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ కోట్లకి ఇస్త్రీపెట్టె చూపించకండి, కరిగి పెట్టెకి అతుక్కుంటుంది. ఆసన్ దగ్గర ఐదు రూపాయల బిళ్ళ కన్నా పెద్ద ముక్క గుండ్రంగా కోసి వేశాను. చంకలో లేచిన టేపు మీద ఇంకో టేపు వేశాను. జేబు మాత్రం వదిలేశాను, బద్ధకించి. ఆ బద్ధకానికి ఫలితం తర్వాత చెప్తాను.

సైజు గురించి ఒక మాట. మీ కొలత కన్నా ఒక సైజు పెద్దది తీసుకోండి. ఇది బట్టల మీద వేసుకునేది, మోకాళ్ళు మడిచి ఆటో ఎక్కాలి, చేతులు పైకెత్తాలి. ఎక్కడ బిగుతుగా ఉంటే అక్కడ టేపు త్వరగా లేచిపోతుంది. నేను ఎల్ వేసుకునేదాన్ని, ఎక్స్‌ఎల్ తీసుకున్నాను, సరిపోయింది.

మిగతా సర్దుడు గురించి ఎక్కువ చెప్పను. బట్టల్ని బ్యాగులో నేరుగా పెట్టకుండా ఒక్కొక్కరివి ఒక్కో ప్లాస్టిక్ కవర్లో వేశాను. ఐదు మీటర్ల నైలాన్ తాడు, డజను క్లిప్పులు, పాత వార్తాపత్రికలు, పలచటి తువ్వాళ్ళు. పొందూరు ఖద్దరు చీర కట్టుకుంటానని అత్తమ్మ పట్టుబట్టింది. ఆ నేత అంటే నాకూ ప్రాణమే గానీ తడిసిన నూలు చీర బరువెంతో, ఆరడానికెంతో తెలిసినదాన్ని, బతిమాలి సింథటిక్ చీర కట్టించాను. ఖద్దరు కవర్లోనే వెళ్ళి కవర్లోనే వచ్చింది. కాళ్ళకి అందరికీ వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు. కాన్వాసు బూట్లు వద్దంటే వద్దు, ఒకసారి తడిస్తే ప్రయాణమంతా తడే.

ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కేటప్పుడు ఎండ కాస్తోంది. మా ఆయన నావైపు అదోలా చూశాడు. చీపురుపల్లి దాటేసరికి ఆకాశం నల్లబడింది, నెల్లిమర్ల దగ్గర కిటికీలు మూసేశారు. నేనేమీ అనలేదు, అతనివైపు చూశానంతే.

విజయనగరంలో దిగాక అసలు పరీక్ష మొదలైంది. మూడు లాంతర్ల కూడలి దగ్గర చదురుగుడి, అంటే పైడితల్లమ్మ గుడి నించి కోట దాకా ఆ రోజు నేల కనపడదు, జనమే. వాన పెద్దది కాదు, అలాగని ఆగేదీ కాదు. ముసురు, మధ్యమధ్యలో గాలితో ఒక విసురు. అక్కడ నాకు తెలిసొచ్చిన మొదటి సంగతి, గుంపులో గొడుగు పనికిరాదని. గొడుగు వేసుకున్నవాళ్ళు తడవరు, పక్కవాళ్ళు తడుస్తారు. ప్రతి గొడుగుకీ ఎనిమిది ఊచలు, ప్రతి ఊచ చివరనించీ ఒక ధార, ఆ ధార సరిగ్గా పక్క మనిషి మెడ వెనక్కి. వాన కన్నా ఆ రోజు ఊళ్ళో జనాన్ని తడిపింది గొడుగులే. సిరిమాను కదలగానే వెనకనించి ఒకటే కేకలు, "గొడుగు దించండమ్మా, అమ్మవారు కనపడ్డంలేదు!" అని. దించక తప్పదు, దించితే తడవక తప్పదు. మా ఆయన మడత గొడుగు అలా చేతిలోనే ఉండిపోయింది, అతను నిలువునా తడిసిపోయాడు. నేనూ పిల్లా కోట్లలో హాయిగా నిలబడ్డాం.

హాయిగా అన్నాను గానీ అది మొదటి అరగంటే. తలెత్తి చూస్తే దాదాపు 50, 60 అడుగుల మాను, దాని చివర ఆసనంలో కూర్చున్న పూజారి. వానలో తడిసిన మాను నల్లగా మెరుస్తూ నెత్తి మీద నించి వెళ్తుంటే రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టాను. అంతే. ముంజేతుల మీది నీళ్ళన్నీ కఫ్‌లోంచి లోపలికి జారి మోచేతులు దాటి చంకల దాకా వచ్చాయి. చేతుల దగ్గర వేసిన ఎలాస్టిక్ వదులుగా ఉంది. పైన బిగించుకోవడానికి వెల్క్రో పట్టీ ఉండాల్సింది, లేదు. బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకునేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని కుట్టారు తప్ప, దండం పెట్టే మనుషులు కూడా ఉంటారని కంపెనీకి తట్టలేదు. సిరిమాను రెండో చుట్టు తిరిగేసరికి నేను తెలివి తెచ్చుకుని మణికట్లకి జడ రబ్బర్లు బిగించుకున్నాను. పని చేసింది.

ఇంకోటి టోపీ. వెనక భాగం లోతుగా బాగుంది, గాలికి ఎగరలేదు. ముందు మాత్రం చూరు లేదు. నుదుటి మీంచి నీళ్ళు నేరుగా కళ్ళలోకి. లోపల మా అమ్మాయి క్రికెట్ టోపీ పెట్టుకున్నాక సర్దుకుంది. టోపీ బిగించుకుంటే పక్కకి కనపడదు, పైన టపటప చప్పుడుకి పక్కవాళ్ళ మాటా వినపడదు. అంత గుంపులో పిల్ల నన్ను నాలుగుసార్లు పిలిచిందట, నాకు తెలియనే లేదు. అప్పటినించి దాని చెయ్యి వదల్లేదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, తడవడం కన్నా తప్పిపోవడం పెద్ద టెన్షన్.

సిరిమాను మీదికి జనం అరటిపళ్ళు విసురుతారు కదా, అందులో ఒకటి గురితప్పి వచ్చి నేను వెనక్కి దించుకున్న టోపీలో పడింది. పావుగంట దాకా నాకు తెలియలేదు. మళ్ళీ టోపీ పెట్టుకునేసరికి నెత్తి మీద మెత్తగా ఏదో. అత్తమ్మ చూసి "ప్రసాదమే, పారేయకు" అంది. ఆ మాట విని చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. మచ్చ కడిగితే పోయింది, అది కోటు పూతకి మంచి మార్కు.

ఇక చెమట. లేబుల్ మీద "బ్రీతబుల్" అని రాశారు. చంకల కింద మూడేసి ఇత్తడి కన్నాలు, వీపు మీద ఒక రెక్క కింద జాలీ. సముద్రానికి ఇంత దగ్గర ఊళ్ళలో, వాన పడుతూ కూడా ఉక్కపోసే అక్టోబరులో, అవి ఏ మూలకి? గంట తర్వాత కోటు విప్పితే లోపలి చుడీదారు వీపంతా తడి. బయట వాన తడి కాదు, నా చెమటే. కారిందేమో అని మొదట తిట్టుకున్నాను. తర్వాత టేపు వేసిన కుట్లు ఒక్కొక్కటే తడిమి చూశాను, అన్నీ పొడిగా ఉన్నాయి. లోపల వేసుకున్న బట్ట పలచటి సింథటిక్ కాబట్టి లాడ్జికి వెళ్ళేలోపు ఆరిపోయింది. నూలుదైతే రాత్రంతా ఆరేది కాదు. ముసురు తగ్గినప్పుడల్లా జిప్పు సగం దించుకోవడమే ఈ కోటులో గాలి ఆడడానికి అసలైన మార్గం.

ఆడవాళ్ళకి ఇంకో మాట, రివ్యూల్లో ఎవరూ రాయడం లేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఈ ప్యాంటు చీర మీద పట్టదు. చుడీదారు మీద పడుతుంది, పైట చున్నీని లోపలే ముడేసుకోవాలి, లేకపోతే బయటికి వేలాడిన కొస దీపం ఒత్తిలా నీళ్ళు పీల్చి లోపలికి చేరవేస్తుంది. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే తడి ప్యాంటు, దాని ఎలాస్టిక్, దాని నాడా, లోపలి పైజామా నాడా, పండగ రోజు లైను. వెళ్ళేముందు నీళ్ళు తక్కువ తాగాను, అది మంచి పద్ధతి కాదని తెలిసే తాగాను. ప్యాంటు పక్కన మోకాలి దాకా జిప్పు ఉన్నవి కొంచెం నయం, ఇంకో మూడు నాలుగు వందలు పెట్టగలిగితే అవి చూడండి.

అత్తమ్మకి కోటు కొనలేదు. "నాకవేటీ వద్దు" అని తన పాత నల్ల కర్ర గొడుగు తెచ్చుకుంది. బయల్దేరేముందు దానికి విరిగిన ఊచ ఒకటి శ్రీకాకుళం బజార్లో 60 రూపాయలిచ్చి వేయించాను. గుంపులో అదీ తెరవడానికి లేకపోయింది. చివరికి మూడు లాంతర్ల దగ్గర ఒకబ్బాయి చేతి మీద దండలా వేలాడేసుకుని అమ్ముతున్న పలచటి ప్లాస్టిక్ పోంచో ఒకటి 50 రూపాయలకి కొన్నాను. తల మీంచి తొడిగేసరికి చీరా, చేతిసంచీ, పూజ సామానూ అన్నీ కప్పుకుపోయాయి. "ఇదేటమ్మా, బస్తా తొడిగినావు నాకు" అంది గానీ ఆ రోజంతా తీయలేదు. చేతుల్లేవు కాబట్టి కింద నించి గాలి ఆడుతుంది, చెమట పట్టదు, దండం పెట్టినా నీళ్ళు జారవు. గాలి విసిరినప్పుడు మాత్రం గాలిపటంలా లేస్తుంది, ఆవిడ కొసలు పట్టుకుని నిలబడింది. చీర కట్టుకున్న పెద్దవాళ్ళకి ఆ 50 రూపాయల బస్తాకి నేను ఐదుకి నాలుగు ఇస్తాను. 1,349 రూపాయల దాని కన్నా ఎక్కువ. ఏం చేస్తాం.

లాడ్జి గురించి ఒక్క ముక్క, పేరు అనవసరం. గదిలో గోడలు చెమ్మ, బట్టలారేసుకోవడానికి మేకు కూడా లేదు. కిటికీ ఊచనించి తలుపు గడియకి తాడు కట్టి ఫ్యాను కింద కోట్లు ఆరేశాం. ముందు లోపలి వైపు పైకి వచ్చేలా తిరగేసి ఆరేయండి, చెమట ఉండేది అటే. లోపలి వైపు ఆరాక మళ్ళీ తిప్పండి. తడిమీద మడత పెట్టి కవర్లో కుక్కితే రెండు రోజుల్లో బూజువాసన, ఏడాదికి పూత పొలుసులు పొలుసులుగా రాలడం ఖాయం. చెప్పుల్లో వార్తాపత్రికలు కుక్కితే తెల్లారేసరికి ఆరిపోయాయి.

ఆ రాత్రి జేబు సంగతి బయటపడింది. కోటు కుడి జేబులో 500 కాగితం, రైలు టికెట్లు పెట్టాను. జేబు రెక్క కింద సూది కన్నాలకి టేపు లేదని తెలిసీ పెట్టాను చూడండి. టికెట్లు ముద్దయిపోయాయి. 500 కాగితం ఫ్యానుకి ఆరింది. ఫోను మాత్రం మెడలో వేసుకునే జిప్పు పౌచ్‌లో ఉంది, దానికేమీ కాలేదు. నిలబడి ఉన్నంతసేపూ జేబు తడవలేదు, ఆటోలో కూర్చున్నప్పుడే తడిసింది. ఆటో పరదా చినుగులోంచి వచ్చిన నీళ్ళు ఒళ్ళో గుంటలా నిలిచాయి, పైన చేతిసంచి బరువు, ఆ ఒత్తిడికి నీళ్ళు కన్నాల్లోంచి దిగిపోయాయి. కూర్చునే ప్రయాణం ఎక్కువుంటే కోటు ఎంత మంచిదైనా ఒడి దగ్గర నమ్మకండి. ఆసన్ దగ్గర నేను వేసిన ముక్క మాత్రం నిలబడింది, ఆ మాట గర్వంగానే చెప్తున్నాను.

రెండో రోజు బుధవారం, గుంపు లేదు, వాన విడతలు విడతలుగా. ఇలాంటి రోజు కోటు కన్నా గొడుగే సుఖం. కోట చూశాం. 1713లో కట్టింది. విజయ నామ సంవత్సరం, విజయదశమి, మంగళవారం అంటే జయవారం, రాజు పేరు విజయరామరాజు, ఊరు విజయనగరం అని ఐదు విజయాల లెక్క మా అమ్మాయి నోటితో వల్లించింది. కోట ద్వారం బయట గాలి ఒక్క విసురు విసిరేసరికి మా ఆయన మూడు మడతల గొడుగు తిరగబడిపోయింది. 399 రూపాయలు. ఊచల మడత దగ్గర రేకు ముక్కలతో బిగించిన కీళ్ళు ఉంటాయి, గాలికి ముందు పోయేది అవే. ఎన్ని మడతలుంటే అన్ని కీళ్ళు, అన్ని బలహీనతలు. అత్తమ్మ కర్ర గొడుగుకి మడత లేదు, కీలు తక్కువ, గాలికి కొంచెం వంగి మళ్ళీ నిలబడింది. ఆవిడ ఏమీ అనలేదు. కొడుకుని దాని కిందకి రమ్మంది.

ఘంటస్తంభం దగ్గర వేడి వేడి పునుగులు తిని సంగీత కళాశాల వైపు నడిచాం. 1919లో మహారాజా వారు పెట్టింది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. మేం వెళ్ళేసరికి వాన దంచికొట్టింది, వరండాలో నిలబడిపోయాం. లోపల ఎవరో ఫిడేలు మీద ఒకే చోట ఆగిపోయి అదే సంగతి మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నారు. తప్పు పోవడం, మళ్ళీ మొదలెట్టడం. చేతులు తిరిగే దాకా కాజాలు కుట్టి విప్పిన నా మొదటి ఏడాది గుర్తొచ్చింది. ముప్పావుగంట ఎలా గడిచిందో తెలియదు. వాన రోజు ఊరు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఇలా ఆగి నిలబడే చోటు ఒకటి చూసుకుని ఉంచుకోండి. రామాయణాన్ని బొమ్మల్లో చూపించే రామనారాయణం అందంగానే ఉంటుందట గానీ అది ఆరుబయట తిరిగి చూసేది. దాన్ని ఇంకోసారికి వదిలేశాం.

సాయంత్రం పెద్దచెరువు గట్టు మీదకి వెళ్ళాం. అమ్మవారి విగ్రహం దొరికిందని చెప్పే చెరువు కదా, అత్తమ్మకి చూడాలని. గట్టెక్కిన పది నిమిషాలకి పడమట ఉరుము. నా ఫోన్లో దామిని యాప్ ఉంది, పిడుగులు ఎంత దూరంలో పడుతున్నాయో చూపిస్తుంది. దగ్గరలోనే అని చూపించింది. అత్తమ్మ చేతిలో కొన మీద ఇనుప మొన ఉన్న పొడుగు గొడుగు, పక్కన నీళ్ళు, చుట్టూ మా కన్నా ఎత్తయినది ఏదీ లేదు. గొడుగు మూయించి, ఆవిడ గొణుగుతున్నా వినకుండా, కిందకి దించి ఆటో ఎక్కించేశాను. ఆ టైములో గొడుగూ వద్దు, చెట్టు కిందా వద్దు, పక్కా కప్పు ఉన్న చోటికి వెళ్ళిపోవాలి.

ఇంటికొచ్చాక కంపెనీకి ఫొటోలతో సహా రాశాను. ఆసన్ దగ్గర టేపు లేదు, జేబుకి లేదు, మణికట్టుకి పట్టీ కావాలి, టోపీకి చూరు కావాలి అని. నాలుగు రోజులకి జవాబు వచ్చింది, క్షమించమని, తర్వాతి కొనుగోలుకి 100 రూపాయల కూపన్ అని. నేను అడిగిన నాలుగు విషయాల్లో ఒక్కదాని ప్రస్తావనా లేదు.

బండి మీద ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి, అరగంట ప్రయాణానికి, ఈ సెట్టు చాలు. రాత్రిపూట వీపు మీద మెరిసే పట్టీ బాగా కనపడుతుంది, జిప్పు మీద రెక్క, దాని టిచ్ బటన్లు గట్టిగా ఉన్నాయి, రెండు రోజుల్లో ఒక్కటీ ఊడలేదు. పండగ గుంపులో గంటలకొద్దీ నిలబడేవాళ్ళు ముందు టేపు చూసుకోండి. చీర కట్టేవాళ్ళు వదిలేయండి.

ఈ సంగతి తెలిసి మా వీధిలో ఇద్దరు తమ కోట్లు తెచ్చి టేపు వేయించుకున్నారు. ఆసన్ ముక్కతో సహా 80 రూపాయలు తీసుకుంటున్నాను, జేబుకి విడిగా 20. తెచ్చేవాళ్ళు ఉతికి, పూర్తిగా ఆరాక తెండి. తడి కోటు మీద టేపు అంటదు, మళ్ళీ నన్ను అనొద్దు. ఆదివారం సెలవు.